ముందు గరిటె, తర్వాతే గిన్నె: ఇంటికొచ్చినవాళ్లకు వడ్డించే సామాను ఎంచుకోవడం ఎలా

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో పన్నెండుమంది భోజనానికి కూర్చున్నారు. దానికోసమే నెల ముందు ఒక పెద్ద పింగాణీ గిన్నె కొన్నాను. బయట ముదురు నీలం, లోపల పాలలాంటి తెలుపు, అంచు చుట్టూ సన్నటి గోధుమరంగు గీత. అందులో ముక్కల పులుసు పోసి బల్ల మధ్యలో పెడితే చూపు తిప్పుకోలేనట్టు ఉంది. గరిటె వేశాను. రెండో మనిషి వడ్డించుకుని వదిలేసరికి ఆ గరిటె మెల్లగా జారి కాడతో సహా పులుసులో మునిగిపోయింది. మా పెద్దత్తయ్య ఇంకో చెంచాతో దాన్ని పైకి లేపబోతే గుమ్మడికాయ ముక్క ఎగిరి కొత్త గుడ్డ మీద పడింది, ఆవిడ పాపం భోజనం అయ్యేదాకా "అయ్యో, మరక పడిందే" అంటూనే ఉన్నారు. వచ్చినవాళ్లు ఇబ్బంది పడ్డారన్నదే నాకు బాధ.

అప్పట్నుంచి నేను వడ్డన సామాను కొనే పద్ధతి పూర్తిగా మార్చుకున్నాను. గిన్నె అందం బల్ల మీద పెట్టినప్పుడు తెలీదు, అందులోంచి పదిమంది వడ్డించుకున్నాక తెలుస్తుంది. అంచు మీద కారిన చారలు, జారిన గరిటె, చేతులు కాలే పిడులు లేకుండా ఉంటే మామూలు స్టీలు గిన్నె కూడా దర్జాగా కనిపిస్తుంది. నేను అనుసరిస్తున్న వరుస ఇది, ఎనిమిది నుంచి పన్నెండుమంది వచ్చే ఇంటి భోజనాన్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

1. షాపుకి వెళ్లకముందు వంట రాసుకోండి

షోరూముల్లో "సర్వింగ్ సెట్" అని పెట్టేవి చాలావరకు పల్చటి ట్రేలు, లోతు లేని పళ్లేలు. సలాడ్లకి, కేకులకి, కబాబులకి అవి బావుంటాయి. మన భోజనంలో సగం ద్రవమే. పప్పు, పులుసు, చారు, మజ్జిగ పులుసు, పెరుగు, పాయసం, వీటిలో ఏదీ పల్చటి ట్రేలో నిలవదు. అందుకే ముందు ఒక కాగితం తీసుకుని, ఈ మధ్య మూడుసార్లు చుట్టాలొచ్చినప్పుడు మీరు నిజంగా ఏం వండారో రాయండి. వండాలనుకున్నవి వద్దు, వండినవి.

రాశాక ఆ వంటల్ని నాలుగు రకాలుగా విడగొట్టండి. పోసేవి: పప్పు, పులుసు, చారు, పాయసం. తీసి పెట్టేవి: అన్నం, పులిహోర, బిర్యానీ, వేపుళ్లు. ఒక్కొక్కటిగా పట్టుకుని వేసేవి: గారెలు, బూరెలు, బజ్జీలు, అప్పడాలు. ఇక కొంచెం కొంచెంగా వేసేవి: ఆవకాయ, రోటి పచ్చడి, కందిపొడి, నెయ్యి. గిన్నె ఆకారం, గరిటె రకం, మూత కావాలా వద్దా, అన్నీ ఈ నాలుగింటిలో అది ఏ రకమన్నదాన్ని బట్టే తేలిపోతాయి. మా ఇంటి కాగితంలో పోసేవి ఐదు, పట్టుకునేవి రెండు వచ్చాయి. నా అల్మరాలో మాత్రం ట్రేలు ఆరు, లోతు గిన్నెలు రెండే ఉన్నాయి.

2. గరిటెలు ముందు కొనండి

ఇది చాలామందికి తిరకాసుగా అనిపిస్తుంది, కానీ నేను గట్టిగా చెప్పేది ఇదే. వంటింట్లో వాడే గరిటెనే కడిగి బల్ల మీద పెట్టేస్తాం. అది మూకుడులో కలపడానికి చేసింది, కాడ పొడుగు, గుంట పెద్దది, ఒకసారి ముంచితే కంచంలో వరద. బల్ల మీద పప్పుకీ పులుసుకీ 60 నుంచి 75 మిల్లీలీటర్లు పట్టే గుంట గరిటె చాలు. కావాలంటే రెండుసార్లు వేసుకుంటారు.

కాడ సంగతి చూడండి. గరిటెని గిన్నెలో అడుగుకి ఆనించి అంచుకి వాల్చినప్పుడు కాడ కనీసం మూడు నాలుగు అంగుళాలు బయటికి రావాలి. దాని కొన కొద్దిగా కిందికి వంగి కొక్కెంలా ఉంటే ఇంకా మంచిది, అంచుకి తగులుకుని జారదు. గిన్నె తేలికై గరిటె బరువైతే ఖాళీ అవుతున్నకొద్దీ గిన్నె ఒరిగిపోతుంది, కాబట్టి రెండూ కలిపి చేత్తో పట్టుకుని చూడాలి. నేనైతే షాపుకి వెళ్లేటప్పుడు చేతిసంచిలో నీళ్ల సీసా పెట్టుకుంటాను. గరిటె ముంచి, పక్క గిన్నెలోకి పోసి, పోయడం ఆపాక ఆఖరి చుక్క ఎక్కడికి పోతుందో చూస్తాను. గరిటె అంచు మందంగా మడతపెట్టినట్టుంటే ఆ చుక్క కిందివైపు పాకి కాడ వెంట కారుతుంది, సన్నగా ఉంటే టక్కున తెగుతుంది. షాపువాళ్లు మొదట వింతగా చూస్తారు, తర్వాత వాళ్లే ఇంకో నాలుగు గరిటెలు తెచ్చి ఇస్తారు.

అన్నానికి హస్తం (చదునైన గరిటె) ఉండాలి. అంచు మరీ పదునుగా ఉంటే మెతుకు విరుగుతుంది, కొద్దిగా గుండ్రం తిరిగినది తీసుకోండి. బిర్యానీకి మాత్రం హస్తం కంటే చిన్న సాసరు మేలు. హైదరాబాదులో డేగిశాలోంచి బిర్యానీ తీసేవాళ్లని చూడండి, పక్కనుంచి పళ్లెం దించి పొర పొరగా ఎత్తుతారు, బియ్యం నిలువుగా నిలబడే ఉంటాయి. అదే పద్ధతి బల్ల మీద కూడా పనికొస్తుంది.

బూరెలకి పళ్లున్న పట్టకారు వద్దు. ఆ పళ్లు తోపుని, అంటే బూరె పైపొరని, చీలుస్తాయి, పూర్ణం బయటికొచ్చి పళ్లెమంతా అంటుకుంటుంది, తర్వాతి మనిషికి పగిలిన బూరె మిగులుతుంది. నున్నటి వెడల్పు మొనలున్నవి దొరుకుతాయి, వాటితో గారెలు కూడా చక్కగా వస్తాయి. పచ్చళ్లకి ఎన్ని గిన్నెలో అన్ని చెంచాలు, పొడిగా తుడిచినవి. ఒక్క చెంచా తక్కువైతే గోంగూర చెంచా మాగాయలోకి వెళ్తుంది, వెళ్లి తీరుతుంది.

3. గిన్నెల్ని లీటర్లలో లెక్కపెట్టండి

ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొన్న గిన్నె ఇంటికొచ్చాక పచ్చడి గిన్నెంత ఉండటం అందరికీ అనుభవమే. కొలతల్లో లీటర్లు రాశారా, అంగుళాలు మాత్రమే రాశారా చూడండి. అంగుళాలు మాత్రమే ఉంటే లోతు ఎంతో తప్పకుండా వెతకండి.

పదిమందికి నా లెక్క ఇది. బియ్యం కిలో నుంచి కిలోంబావు పోస్తాం, అన్నమయ్యాక దాదాపు నాలుగు లీటర్ల చోటు పడుతుంది. కానీ నాలుగు లీటర్ల గిన్నె బల్ల మీద పెట్టొద్దు. రెండున్నర లీటర్ల గిన్నెలో సగం అన్నం పెట్టి, మిగతాది వంటింట్లో వేడిగా ఉంచి మళ్లీ నింపితే రెండో విడత వాళ్లకి కూడా పొగలొచ్చే అన్నం అందుతుంది. పప్పు మనిషికి 150 మిల్లీలీటర్లు అనుకుంటే లీటరున్నర, దానికి రెండు లీటర్ల గిన్నె. పులుసో సాంబారో రెండు లీటర్లు, గిన్నె రెండున్నర. అంచు దాకా నింపిన గిన్నె వడ్డించేవాళ్లకి టెన్షన్, ముప్పావు వంతు నిండేలా చూసుకోండి. వేపుడు కిలో దాకా పడుతుంది, లోతు గిన్నెలో వేస్తే కింద ముక్కలు ఆవిరికి మెత్తబడతాయి. పది పన్నెండు అంగుళాల వెడల్పు, రెండంగుళాల లోతు ఉంటే బెండకాయ వేపుడు ఆఖరిదాకా కరకరలాడుతుంది. పచ్చడికి పావు లీటరు, నెయ్యికి అంతకంటే చిన్నది.

బరువు కూడా. మన ఇళ్లలో ఎవరికి వాళ్లు వడ్డించుకోమని వదిలేయం కదా, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ కొసరి వడ్డించేవాళ్లు ఒకరు ఉంటారు. ఆ మనిషి ఎడమచేత్తో గిన్నె, కుడిచేత్తో గరిటె పట్టుకుని పంక్తి చివరిదాకా నడవాలి. ఖాళీగానే కిలోన్నర తూగే మందపాటి పింగాణీ గిన్నెలో రెండు లీటర్ల సాంబారు పోస్తే మూడున్నర కిలోలు దాటింది, ఏ మణికట్టుకైనా కష్టమే. అలాంటివి బల్ల మీద కదలకుండా కూర్చునే వంటకాలకి ఉంచండి. చేతిలో తిరిగే వాటికి పలచటి స్టీలు, చిన్న ఇత్తడి, రెండువైపులా చెవులున్నవి. పచ్చళ్లు, పొడులు తిప్పడానికి ఒకే కాడకి నాలుగు గిన్నెలు బిగించిన స్టీలు సెట్టు దొరుకుతుంది. పెళ్లి వంటవాళ్ల సామానని చిన్నచూపు చూస్తారు గానీ, బాగా మెరుగు పెట్టినది కొంటే బల్ల మీద ఎంత అందంగా ఉంటుందో.

4. ఏ లోహం, ఏ మట్టి

డబ్బులు ఎక్కువగా పోయేదీ, పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

ఇత్తడి ఈ మధ్య మళ్లీ అందరి ఇళ్లలోకీ వచ్చింది, నాకూ ప్రాణమే. రాగి, జింకు కలిసిన లోహం అది. పులుపు తగిలితే రాగి కరిగి ఆహారంలోకి వస్తుంది, రుచి మారుతుంది, అంచుల దగ్గర ఆకుపచ్చ చిలుము కడుతుంది. కాబట్టి లోపల కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులిహోర, చారు, పెరుగు, నిమ్మరసం పెట్టొద్దు. కళాయి అంటే తగరం పూత. గిన్నెని కాల్చి, నవాసారం అనే ఉప్పు చల్లి, తగరం రాసి గుడ్డతో తిప్పుతారు, లోపలంతా వెండిలా మెరుస్తుంది. ఆ తెలుపు మధ్యలో పసుపురంగు మచ్చలు కనిపించడం మొదలైందంటే పూత అరిగిందని అర్థం, మళ్లీ వేయించాలి. తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి కళాయి గిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు, పీచుతో గట్టిగా తోమకూడదు. ఇంత జాగ్రత్త వద్దనుకుంటే బయట ఇత్తడి, లోపల స్టీలు ఉన్నవి తీసుకోండి, లేదా ఇత్తడిని పొడివాటికి, పళ్లకి, గారెల పళ్లేనికి వాడండి.

రాగి కూడా అంతే. బయట సుత్తి దెబ్బల డిజైను, లోపల స్టీలు ఉన్న హోటల్ తరహా గిన్నెలు చూడ్డానికి బాగుంటాయి, వాడుకకీ భయం లేదు. లోపలా బయటా రాగే అయితే మంచినీళ్లకి మాత్రమే.

కంచు వేరు. రాగిలో దాదాపు ఐదో వంతు తగరం కలుస్తుంది. వేలి గోటితో అంచు మీద కొడితే ఖంగుమని మోగి చాలాసేపు గాలిలో నిలుస్తుంది, ఇత్తడి మోత త్వరగా చచ్చిపోతుంది. కొనేటప్పుడు ఇది వాడండి. కంచు గిన్నెలో పప్పు, నెయ్యి, పాయసం చాలా హుందాగా కనిపిస్తాయి. కానీ కింద పడితే పగులుతుంది, పిల్లలు పరిగెత్తే ఇంట్లో బల్ల చివర పెట్టకండి.

స్టీలులో 18/8 లేదా 304 అని అడుగున గుద్ది ఉందేమో చూడండి, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నది. చాలామంది అయస్కాంతం తీసుకెళ్తారు. అది అంటుకుంటే సాధారణంగా నికెల్ లేని రకమని అర్థం, అంతవరకే. అంటుకోకపోతే మాత్రం 304 అని గ్యారంటీ లేదు, తక్కువ నికెల్ ఉన్న రకాలు కూడా అంటుకోవు. మెరుపు కంటే మసక మెరుగు పెట్టిన స్టీలు వేలిముద్రలు చూపించదు, అతిథులొచ్చే రోజుకి అదే సుఖం.

పింగాణీలో మూడు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. మందంగా, మట్టి రంగులతో ఉండేది స్టోన్‌వేర్, ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి మన ఊళ్లకి వచ్చే గిన్నెల్లో ఇవి చాలా ఉంటాయి. గట్టివి, వేడి నిలుపుతాయి, బరువెక్కువ. తెల్లగా పలచగా ఉండే పోర్సలిన్ అన్నిటికీ సరిపోతుంది. ఇక బోన్ చైనా. పేరులోనే ఉంది, తయారీలో ఎముకల బూడిద కలుస్తుంది. పూర్తి శాకాహారులైన పెద్దలు, నియమాలు పాటించేవాళ్లు మీ ఇంటికి వస్తుంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. వాళ్లకి తెలియకుండా అందులో వడ్డించడం నాకు సరైనదిగా అనిపించదు. అలాగే ఏ పేరూ లేని, చేత్తో రంగులద్దిన చవక పింగాణీలో పులుసులు పెట్టొద్దు, కొన్ని మెరుగుల్లో సీసం ఉంటుంది, పులుపు దాన్ని బయటికి లాగుతుంది. లోపల తెల్లగా, బొమ్మలన్నీ బయటే ఉన్నది తీసుకుంటే కొంత నయం.

గాజు గిన్నెలో డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, పళ్ల ముక్కలు పెడితే వేరే అలంకారం అక్కర్లేదు. వేడి వంటకానికైతే బోరోసిలికేట్ అని రాసి ఉన్నదే వాడండి. మామూలు గాజు ఫ్రిజ్‌లోంచి తీసి మరుగుతున్న పాయసం పోస్తే పగులుతుంది. ఓపల్‌వేర్ అనే పాలరంగు గాజు తేలిక, తెల్లన, ధర అందుబాటులో ఉంటుంది, మొదటి సెట్టుగా మంచిదే.

చాలామంది మర్చిపోయేది రాచ్చిప్ప. మెత్తటి రాయిని తొలిచి చేసిన గిన్నె, పులుపుతో గొడవ పడదు, పొయ్యి మీంచి దించాక కూడా పులుసు చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. దాన్ని అలాగే తెచ్చి మందపాటి చెక్క పలక మీద పెట్టండి. నల్లటి రాతి అంచు, లోపల ఎర్రటి పులుసు, పైన కరివేపాకు పోపు చిటపట. మా ఇంటికొచ్చినవాళ్లు అన్నిటికంటే ముందు అడిగేది ఆ గిన్నె గురించే. కొత్తది కొంటే పసుపు, నూనె పట్టించి, గంజి పోసి కొన్నాళ్లు అలవాటు చేయాలి, తిన్నగా పెద్ద మంట మీద పెడితే పగులుతుంది.

చెక్క సామాను పొడివాటికే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిప్పి లక్క పూసి చేసే డబ్బాలు, చిన్న గిన్నెలు జీడిపప్పుకి, ఎండు ఖర్జూరానికి, వక్కలకి ఎంత ముచ్చటగా ఉంటాయో. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వేడి, తడి తగిలితే లక్క చెడుతుంది.

చివరగా తినేవాటికి వాడకూడనివి. బిద్రీ సామాను జింకు ఎక్కువగా ఉన్న లోహంతో చేస్తారు, నల్లటి నేల మీద వెండి తీగ పని అద్భుతం, కానీ అది పూలకి, అగరొత్తులకి. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, జింకు, నికెల్ ఉంటాయి, రిటర్న్ గిఫ్టులుగా వచ్చిన ఆ పళ్లేల్లో పళ్లు తాంబూలాలు పెట్టండి, స్వీటు నేరుగా పెట్టకండి, అరిటాకు ముక్క పరిచి పెట్టండి. మెలమైన్ (గట్టి ప్లాస్టిక్) గిన్నెల్ని మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, మూకుట్లోంచి తీసిన బజ్జీలు నేరుగా వాటిలో వేయొద్దు.

5. రంగు, జత

మన వంటలకే బోలెడు రంగు ఉంది. పసుపు పచ్చటి పప్పు, నల్లబడిన ఆకుపచ్చ గోంగూర, ఎర్రటి ఆవకాయ నూనె, తెల్లటి పెరుగు. గిన్నె లోపల పువ్వులు, లతలు ఉంటే ఆ రంగులతో కొట్టుకుంటాయి, సగం ఖాళీ అయ్యేసరికి మరీ చిందరవందరగా ఉంటుంది. లోపల ఒకే రంగు, డిజైన్ అంతా బయటో అంచు మీదో ఉండాలన్నది నా నియమం. పెరుగు, కొబ్బరి పచ్చడి తెల్ల గిన్నెలో కలిసిపోతాయి, వాటికి ముదురు నీలమో నలుపో.

ఇరవై నాలుగు ముక్కల సెట్టు కొనొద్దు. రెండు పగిలితే మిగతావి అనాథలు. ఒక దారం పట్టుకోండి: అన్నింటికీ ఇత్తడి అంచు, లేదా అన్నీ తెలుపు, మధ్యలో రెండు ఇత్తడి. అమ్మమ్మగారి నేతి గిన్నె, మీరు నిన్న కొన్న పింగాణీ గిన్నె పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ ఒకే రకం గుండ్రంగా ఉంటే చాలు, కలిసిపోతాయి. ఏదీ కలవకపోతే అన్నిటి కిందా ఒకే కొలతకి కోసిన అరిటాకు ముక్కలు పరచండి. నేను ఎన్నిసార్లు ఇలా గట్టెక్కానో.

6. మూతలు

వేడి అన్నం మీద లోహపు మూత బిగిస్తే ఆవిరి నీళ్లై పైనుంచి కారుతుంది. హాట్‌ప్యాక్‌లో పులిహోర తడిసి ముద్దవడానికి కారణం ఇదే. మూత కింద పలచటి నూలుగుడ్డ ఒకటి కప్పండి, అది తడిని పీల్చుకుంటుంది. గారెలు, బజ్జీల మీద మూత పెట్టనే వద్దు, జాలీ మూతో, లేదా వెదురు బుట్టలో కాగితం పరిచి పెట్టడమో చేయండి. మూత తీసినప్పుడు ఎక్కడ పెట్టాలో కూడా ముందే అనుకోండి, లోపలివైపు పైకి తిప్పి పెట్టినా ఒరగకుండా నిలిచేలా గుబ్బ పైభాగం చదునుగా ఉన్నవి వెతకండి.

7. ముందురోజు ఖాళీ గిన్నెలతో పరిచి చూడండి

దీనికి పది నిమిషాలు పడుతుంది, తప్పకుండా చేయండి. గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి ఒక్కోదాంట్లో చీటీ వేయండి: పప్పు, వంకాయ, చారు. ఏ గిన్నె లేదో, ఏది ఎక్కువైందో అప్పుడే తెలుస్తుంది. ఎవరికి వాళ్లు వడ్డించుకునే ఏర్పాటైతే కంచాలు మొదట, తర్వాత పచ్చళ్లు, వేపుళ్లు, అన్నం, పప్పు, నెయ్యి, పులుసు, చివర పెరుగు. నెయ్యి అన్నానికి దూరంగా ఉంటే జనం వెనక్కి తిరిగొస్తారు, అక్కడ తోపులాట మొదలవుతుంది. ప్రతి గరిటె పక్కన ఒక చిన్న సాసరు, తీసిన గరిటె పెట్టుకోవడానికి. గిన్నెకీ గిన్నెకీ మధ్య కనీసం అరచేయంత ఖాళీ ఉండాలి.

అరిటాకుల్లో వడ్డిస్తుంటే ఈ బల్ల గొడవే లేదు, ఆకు కొన తినేవాళ్లకి ఎడమవైపు వచ్చేలా వేసి, చేతిలో పట్టే చిన్న గిన్నెలు సిద్ధం చేసుకుంటే సరి.

8. మంచినీళ్లు, మజ్జిగ, కాఫీ

జగ్గు కొనేటప్పుడు కూడా నీళ్ల పరీక్షే. ముక్కు కొన సన్నగా, కొద్దిగా కిందికి వంగి ఉంటే చుక్క కారదు. నెమ్మదిగా పోసి చూడండి, వేగంగా పోస్తే ఏ జగ్గైనా బాగానే పోస్తుంది. మజ్జిగకి వెడల్పు మూతి ఉన్నది కావాలి, కరివేపాకు, అల్లం ముక్క అడ్డుపడకుండా. కాఫీ స్టీలు గ్లాసు దబరాలో ఇస్తే ఎంతటివాళ్లైనా సంతోషిస్తారు, ఆరు జతలు ఒకే కొలతవి పెట్టుకోండి. ట్రేకి అంచు ఎత్తు అంగుళమైనా ఉండాలి, పిడులు పట్టుకుంటే వేళ్లు పూర్తిగా దూరాలి.

9. ఎక్కడ కొనాలి, ఏ వరుసలో

హైదరాబాదులో బేగంబజార్ ఒక పూట పెట్టుకుని వెళ్లండి. ఇత్తడి, కంచు, రాగి చాలా చోట్ల తూకానికి అమ్ముతారు, కాబట్టి కిలో ధర అడిగి, మీ ముందే తూయించండి. పనితనం ఉన్న వస్తువుకి మజూరీ వేరే ఉంటుంది, అదెంతో విడిగా చెప్పించుకోండి. వరంగల్ దారిలో జనగామ దగ్గర పెంబర్తి ఉంది, ఇత్తడి రేకు మీద చెక్కిన పనికి పేరు, పెద్ద పళ్లేలు, అలంకారానికి ఉరుళ్లు (నీళ్లు పోసి పూలు వేసే వెడల్పు గిన్నెలు) అక్కడ చూడొచ్చు. శ్రీకాకుళం జిల్లా బుడితి, గోదావరి జిల్లాల్లో అజ్జరం, ఇత్తడి కంచు పనికి తరాలుగా ప్రసిద్ధి. ఆ వైపు వెళ్తే ఒక్క చెంబైనా తెచ్చుకోండి.

డబ్బు కొద్దికొద్దిగా పెట్టేవాళ్లకి నా వరుస: ముందు మంచి గరిటెలు ఆరు, తర్వాత రెండున్నర లీటర్ల లోతు గిన్నెలు రెండు, వెడల్పు పళ్లెం ఒకటి, పచ్చడి గిన్నెలు నాలుగు, జగ్గు. ఇవి ఉంటే పదిమందికి సిగ్గుపడకుండా వడ్డించొచ్చు. కంచు, రాచ్చిప్ప, చెక్క డబ్బాలు ఆ తర్వాత ఏడాదికొకటి.

విదేశాల్లో ఉన్నవాళ్లు సూట్‌కేసులో ఇత్తడి తీసుకెళ్తుంటే బరువు చూసుకోండి, పెద్ద పళ్లెం కంటే నెయ్యి గిన్నె, పచ్చడి గిన్నెలు, హస్తం లాంటి చిన్నవి తీసుకెళ్లండి, అక్కడ దొరికే తెల్ల పింగాణీ మధ్యలో అవే మన ఇంటిని గుర్తుచేస్తాయి. ఇత్తడి, కంచు, చెక్క, వీటిలో ఏదీ డిష్‌వాషర్‌లో వేయకూడదు.

10. వెళ్లేటప్పుడు పళ్లెం, ఆ రాత్రి పని

తాంబూలం పళ్లెం చాలామంది ఆఖరి నిమిషంలో వెతుకుతారు. ఎనిమిది పది అంగుళాల ఇత్తడి పళ్లెం, దానిలో ఆకులు, వక్క, రెండు అరటిపళ్లు, జాకెట్టు ముక్క, పక్కన కుంకుమ భరిణె. వచ్చినవాళ్లు కూర్చునేలోపే సర్ది, తడిగుడ్డ కప్పి దేవుడి గది దగ్గర పెట్టేయండి.

అందరూ వెళ్లాక ఎంత అలసట ఉన్నా ఇత్తడి, కంచు గిన్నెల్లో మిగిలినవి మాత్రం ఆ రాత్రే స్టీలు డబ్బాల్లోకి మార్చండి. కళాయి లేని ఇత్తడిని చింతపండు, ఉప్పుతో తోమి, బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి, నీటి చుక్క ఆరిన చోటల్లా మచ్చ నిలుస్తుంది. కళాయి గిన్నెల లోపలికి మాత్రం ఆ చింతపండు పోనివ్వొద్దు, మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లు చాలు. రాచ్చిప్పకి సబ్బు కూడా వద్దు, పీల్చుకుంటుంది. వేడినీళ్లు, శనగపిండి, అంతే. కడిగి బోర్లించి, తెల్లారేదాకా గాలికి వదిలేయండి.